కణం బయట పనిచేసే ఎంజైమ్: ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలతో నా మూడేళ్లు

ల్యాబ్ ప్లేట్‌లో ఉన్న 96 గుంటలూ ఆకుపచ్చగా మారిపోయాయి. క్యాన్సర్ కణాలున్న గుంటలు, వాటి మీదున్న ఎంజైమ్ పనిచేయడంతో, ఆకుపచ్చ రంగుకి తిరగాలి, కణాలు వేయకుండా వదిలేసినవి పసుపుగా ఉండిపోవాలి. అదీ లెక్క. కానీ ఎంజైమ్ లేని చోట కూడా ఎంజైమ్ పనిచేసినట్టు చూపిస్తోంది ప్లేట్. రీసెర్చ్‌లో చేరిన ఐదో నెలలో, రాత్రి ఎనిమిదింటికి, ఆ ప్లేట్‌ని లైటు కింద అటూ ఇటూ తిప్పి చూస్తూ చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

నేను ఈ పనిలోకి రావడానికి మా మేనత్త కారణం. జీవితంలో ఒక్కసారి కూడా సిగరెట్ ముట్టని మనిషికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. బయాప్సీ తీశారు, అడినోకార్సినోమా అనే రకం అన్నారు, తర్వాత జన్యు పరీక్షకి పంపారు. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు, అంటే మ్యుటేషన్, ఉందని రిపోర్టు వచ్చింది. రోజుకో మాత్ర. నెల తిరిగేసరికి దగ్గు తగ్గింది, మెట్లెక్కగలిగింది, మేమంతా గట్టెక్కామనే అనుకున్నాం. ఏడాదిన్నరకి కణితి మళ్లీ పెరిగింది. మందులు మార్చారు, చివర్లో రోగనిరోధక కణాల్ని కణితి మీదికి లేపే ఇమ్యునోథెరపీ కూడా ప్రయత్నించారు. అది పనిచేయలేదు. ఈ మ్యుటేషన్ ఉన్న కణితుల్లో ఇమ్యునోథెరపీ అంతగా పనిచేయదని డాక్టరుగారు ముందే చెప్పారు. "ఎందుకు పనిచేయదండీ?" అని అడిగాను. "దానికి చాలా కారణాలున్నాయమ్మా, ఇంకా వెతుకుతున్నారు" అన్నారాయన. ఆ వెతికేవాళ్లలో నేనూ ఒకరిని కావాలని అప్పుడే అనుకున్నాను. ప్రపంచం మొత్తం మీద 2022లో సుమారు 25 లక్షల మందికి ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చింది, 18 లక్షల మంది దీనితో చనిపోయారు. మరే క్యాన్సరూ ఇంతమందిని తీసుకెళ్లలేదు. కానీ నాకు ఆ లెక్క కంటే మా అత్త గుర్తుకొస్తుంది.

అత్త రిపోర్టులో ఉన్న ఈజీఎఫ్ఆర్ గురించి మొదట చెప్పాలి, ఎందుకంటే అదీ కణం పైపొరలో ఉండే ఎంజైమే. దానికి ఒక కొస కణం బయటికి, ఇంకో కొస లోపలికి ఉంటుంది. బయటి కొస పెరుగుదల సంకేతాన్ని అందుకుంటే, లోపలి కొసలో ఉన్న కైనేజ్ అనే భాగం ప్రొటీన్లకి ఫాస్ఫేట్లు తగిలించి, విభజన మొదలుపెట్టమని లోపలికి కబురు పంపిస్తుంది. మ్యుటేషన్ వచ్చాక బయట సంకేతం ఉన్నా లేకపోయినా కబురు వెళుతూనే ఉంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈ మ్యుటేషన్లని 2004లో గుర్తించారు. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్, తర్వాత వచ్చిన ఆసిమెర్టినిబ్ లాంటి మాత్రలన్నీ కణంలోకి వెళ్లి ఆ లోపలి కొసనే పట్టుకుంటాయి.

నేను చేరిన ల్యాబ్‌లో మాత్రం వేరే ఎంజైమ్ మీద పని. దాని పేరు సీడీ73. దీనికి లోపలి కొస అంటూ ఏమీ లేదు. కొవ్వుతో చేసిన చిన్న కొక్కెంతో పైపొరకి తగిలించుకుని, మొత్తానికి మొత్తం బయటే వేలాడుతూ ఉంటుంది. బయట ఉండి పనిచేసే ఎంజైములు క్యాన్సర్ కణానికి ఇంకా చాలానే ఉన్నాయి. చుట్టూ ఉన్న కొలాజెన్‌ని కోసి దారి చేసే ఎంఎంపీ14, పెరుగుదల కారకాలని పొర మీంచి కత్తిరించి వదిలే ఏడీఏఎం17, ఆక్సిజన్ తగ్గినప్పుడు చుట్టూ ఆమ్లం పెరిగేలా చూసే కార్బానిక్ అన్‌హైడ్రేజ్ 9. ఒక్కోదాని మీద ఒక్కో ల్యాబ్ జీవితమంతా గడిపేయొచ్చు. నాకు సీడీ73 దక్కింది.

దీని పని ఇలా ఉంటుంది. కణం లోపల శక్తి కోసం వాడుకునే ఏటీపీ మామూలుగా బయట దాదాపు ఉండదు. కణాలు దెబ్బ తిన్నప్పుడు, చచ్చిపోతున్నప్పుడు బయటికి కారుతుంది. అలా బయటపడ్డ ఏటీపీ రోగనిరోధక కణాలకి అపాయం కబురు లాంటిది. కణితి ఉన్న చోట కణాలు ఎప్పుడూ చస్తూనే ఉంటాయి కాబట్టి ఈ కబురు కూడా ఎప్పుడూ వెళుతూనే ఉండాలి. అక్కడే సీడీ39 అనే ఇంకో పైపొర ఎంజైమ్ వచ్చి ఏటీపీకి ఉన్న మూడు ఫాస్ఫేట్లలో రెండు తెంచి ఏఎంపీ చేస్తుంది. మిగిలిన ఆ ఒక్క ఫాస్ఫేట్‌నీ సీడీ73 తెంచేస్తే మిగిలేది అడెనోసిన్. ఈ అడెనోసిన్, కణితి మీద దాడి చేసే రోగనిరోధక కణాలైన టీ కణాల మీద సంకేతాలు అందుకునే ఏ2ఏ అనే రిసెప్టర్‌కి తగులుకుంటే అవి మెత్తబడిపోతాయి. విభజన తగ్గుతుంది, దాడి తగ్గుతుంది. మేలుకొలుపు పాటని జోలపాటగా మార్చేస్తున్నట్టు. మొదటిసారి ఈ వరస చదివిన రోజు నాకు అత్త ఇమ్యునోథెరపీ డ్రిప్ కళ్ల ముందు కదిలింది. టీ కణాలని లేపడానికి మందు ఒకవైపు ఎక్కుతుంటే, కణితి తన చుట్టూ జోకొడుతూ కూర్చుందా అని.

ఇప్పుడు ఆ ఆకుపచ్చ ప్లేట్ సంగతి.

సీడీ73 ఎంత చురుగ్గా ఉందో కొలవాలంటే, బతికున్న కణాల మీద ఏఎంపీ పోసి, ఎంత ఫాస్ఫేట్ తెగిపడిందో చూడాలి. మాలకైట్ గ్రీన్, మోలిబ్డేట్ కలిపిన పసుపు రంగు ద్రావణం ఒకటుంది. ఫాస్ఫేట్ తగిలితే ఆకుపచ్చకి తిరుగుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే అంత ముదురు. చాలా సున్నితమైన పరీక్ష, మైక్రోమోలార్లలో ఉన్నా పట్టేస్తుంది. నేను ఏ549 కణాలతో మొదలుపెట్టాను. 1972లో 58 ఏళ్ల ఒక మనిషి ఊపిరితిత్తి కణితి నుంచి మొదలైన కణాలవి. ఆ మనిషి పేరు మనకి తెలియదు, ఆయన కణాలు మాత్రం ఈ రోజుకీ ప్రపంచమంతా ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి. ఇంక్యుబేటర్ తలుపు తీసిన ప్రతిసారీ నాకు ఈ మాట గుర్తొస్తుంది.

మరుసటి రోజు పొద్దున్న మా సీనియర్ అక్క ప్లేట్ చూసింది. ఏమీ అనలేదు. "కణాల్ని చివరిసారి దేంతో కడిగావు?" అంది.

"పీబీఎస్‌తో అక్కా."

"పీబీఎస్ అంటే ఏంటో పూర్తి పేరు చెప్పు."

"ఫాస్ఫేట్ బఫర్డ్..." అంటూ అక్కడే ఆగిపోయాను. ఫాస్ఫేట్‌ని వెతికే పరీక్షలోకి ఫాస్ఫేట్ ఉన్న నీళ్లు నేనే పోశాను. పీబీఎస్‌లో ఫాస్ఫేట్ సుమారు 10 మిల్లీమోలార్లు ఉంటుంది. పరీక్ష పట్టేది అందులో వెయ్యో వంతు. గుంట అడుగున ఒక్క చుక్క మిగిలినా చాలు. కల్చర్ ల్యాబ్‌లో కణాల్ని పీబీఎస్‌తో కడగడం చేతికి అలవాటైపోయి ఉంటుంది, ఆలోచించకుండానే సీసా అందుకుంటాం.

తర్వాత మూడు వారాలు పూర్తిగా ఈ శుభ్రత మీదే పెట్టాను. ఉప్పు, గ్లూకోజ్, మెగ్నీషియం, హెపీస్‌తో ఫాస్ఫేట్ లేని బఫర్ కలుపుకున్నాను. ఆ బఫర్‌తో మూడుసార్లు కడగడం. గాజు సామాను మానేశాను, సబ్బుల్లో కూడా ఫాస్ఫేట్ ఉండొచ్చు కాబట్టి కొత్త ప్లాస్టిక్ మాత్రమే. కణాల్ని ఊడదీయడానికి వాడే ఈడీటీఏ కూడా ఇంకో రకంగా దెబ్బతీస్తుంది. సీడీ73 పనిచేయాలంటే దాని మధ్యలో జింక్ అయాన్లు ఉండాలి, ఈడీటీఏ వాటిని లాగేసుకుంటుంది. అంటే పీబీఎస్ మిగిలితే లేని ఎంజైమ్ ఉన్నట్టు కనిపిస్తుంది, ఈడీటీఏ మిగిలితే ఉన్న ఎంజైమ్ లేనట్టు కనిపిస్తుంది. ఈ పని మొదలుపెట్టేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే: కణాల సంగతి తర్వాత, ముందు ఖాళీ గుంటల్ని నమ్మదగ్గట్టు చేసుకోండి.

నాలుగో వారంలో ఒక ప్లేట్ సరిగ్గా వచ్చింది. ఎడమ చివర ఖాళీ గుంటలు నిమ్మపండు పసుపు. పక్కన కణాలు ఉన్నా ఏఎంపీ పోయనివి, అవీ పసుపే. ఆ పక్కన ఏఎంపీ పోసినవి, ఐదో నిమిషానికి ఒక ఛాయ, పదో నిమిషానికి ఇంకాస్త ముదురు, అరగంటకి చిక్కటి ఆకుపచ్చ. కుడి చివర సీడీ73ని అడ్డుకునే ఏపీసీపీ అనే రసాయనం ముందే వేసిన గుంటలు, మళ్లీ పసుపు. కణాలు పగలలేదు, చావలేదు. మైక్రోస్కోప్ కింద హాయిగా పరుచుకుని ఉన్నాయి. లోపల ఏం జరుగుతోందో వాటి గొడవ వాటిది, బయట మాత్రం నిమిషనిమిషానికీ ఏఎంపీ తెగి అడెనోసిన్ అవుతోంది. కంటికి కనిపించని ఒక అణువు పనిని నా కళ్లతో చూశానన్న సంతోషం ఆ రోజంతా నన్ను వదల్లేదు.

రెండో ఏడాదంతా ఆ ఎంజైమ్‌ని తీసేయడంలో గడిచింది. క్రిస్పర్‌తో సీడీ73 జన్యువుని కత్తిరించాం. కత్తిరించడం ఒక్క రోజు పని. ఆ తర్వాత ఒక్కో గుంటలో ఒక్కో కణం ఉండేలా విడదీసి, ఆ ఒక్క కణం గుంపుగా పెరిగేదాకా మూడు వారాలు కాచుకోవడం, అందులో ఏ గుంపుకి నిజంగా ఎంజైమ్ పోయిందో వెతకడం, అదే అసలు కష్టం. ఒక్కో కణం మీద ఎంజైమ్ ఎంతుందో రంగు వెలుగుతో కొలిచే ఫ్లో సైటోమెట్రీలో పాత కణాల శిఖరం కుడివైపు దూరంగా, కొత్త కణాల శిఖరం ఎడమవైపు ఖాళీ గీతకి ఆనుకుని కనిపించింది. మాలకైట్ గ్రీన్ పరీక్షలో ఏఎంపీ పోసినా పసుపుగానే ఉండిపోయాయి. ఎంజైమ్ పోయింది, సందేహం లేదు.

ఇక పెరుగుదల తగ్గాలి. తగ్గుతుందనే నా థీసిస్ ప్రపోజల్‌లో రాశాను. ఎంజైమ్ ఉన్న కణాలూ లేని కణాలూ సమానంగా వేసి, ఐదు రోజులు, రోజూ లెక్కపెట్టాను. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మళ్లీ చేశాను. వేరే క్లోన్‌తో, అంటే ఇంకో ఒంటరి కణం నుంచి పెరిగిన గుంపుతో చేశాను. మొత్తం నాలుగుసార్లు. ఒక్కసారి కూడా తేడా లేదు. కొన్ని కణజాతుల్లో సీడీ73ని తగ్గిస్తే డిష్‌లోనే పెరుగుదల మందగించినట్టు పేపర్లున్నాయి, అందుకే నా చేతిలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. ఆ నెల రోజులు టెన్షన్‌తో సరిగా నిద్ర కూడా పట్టలేదు. ఏడాదిన్నర పని, ఒక ఎంజైమ్, తీసేస్తే ఏమీ కాలేదు. మరి దీనికి క్యాన్సర్‌తో సంబంధం ఏమున్నట్టు?

గ్రాఫులన్నీ పట్టుకుని మా గైడ్ మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఒక్కో గ్రాఫూ నిదానంగా చూసి, పక్కన పెట్టి అడిగారు.

"నీ డిష్‌లో ఎవరెవరున్నారు?"

"క్యాన్సర్ కణాలు మేడమ్."

"ఇంకా?"

"ఇంకెవరూ లేరు మేడమ్."

"మరి ఆ అడెనోసిన్ ఎవరి కోసం?"

నాకు వెంటనే జవాబు తట్టలేదు. తట్టాక మాత్రం ఏడాదిన్నరగా నేను చదివినదంతా ఒక్కసారిగా తలకిందులైనట్టు అనిపించింది. ఆ ఎంజైమ్‌కి లోపలి కొస లేదని మొదటి వారంలోనే చదివాను, అందరికీ చెప్పాను కూడా. అయినా దాని ఫలితాన్ని మాత్రం కణం లోపల, దాని సొంత విభజనలో వెతుకుతూ వచ్చాను. ఈజీఎఫ్ఆర్ నాకు అలా అలవాటు చేసింది. అది సొంత కణానికి చెబుతుంది. ఇది పక్కవాళ్లకి చెబుతుంది. నా డిష్‌లో పక్కవాళ్లే లేరు.

ఆ సాయంత్రం మేడమ్ నాకు కొన్ని పాత పేపర్లు ఇచ్చారు. ఏటీపీ కణం బయట కూడా సంకేతంగా పనిచేస్తుందని జెఫ్రీ బర్న్‌స్టాక్ 1972లో ప్రతిపాదిస్తే చాలామంది శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి నమ్మలేదు. లోపల ఇంధనంలా వాడే పదార్థాన్ని బయటికి వదిలి కబురు పంపడమేమిటి అన్నారు. 2006లో ఓటా, సిట్కోవ్‌స్కీ బృందం వేసిన పేపర్ అయితే నేను అదే రాత్రి రెండుసార్లు చదివాను. ఏ2ఏ రిసెప్టర్ లేని ఎలుకలు కణితుల్ని తిప్పికొట్టగలిగాయని అందులో చూపించారు. వాళ్లు ముట్టుకున్నది కణితి కణాల్ని కాదు, వాటి మాట వినే కణాల్ని.

సరే, పక్కవాళ్లని తెచ్చాం. ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్ల దగ్గర అనుమతి తీసుకుని, రక్తం నుంచి టీ కణాల్ని వేరుచేశాం. వేరే మనిషి టీ కణాల్ని నేరుగా క్యాన్సర్ కణాలతో కలిపితే పరాయివనే కారణంతోనే దాడి చేయొచ్చు, అప్పుడు ఏది దేనివల్లో తెలియదు. అందుకని సన్నటి రంధ్రాలున్న జల్లెడ లాంటి కప్పులు వాడాం. క్యాన్సర్ కణాలు పై కప్పులో, టీ కణాలు కింది గుంటలో. రంధ్రాలు 0.4 మైక్రాన్లు, కణాలు దూరలేవు, అణువులు మాత్రం దిగిపోతాయి. టీ కణాలకి మెరిసే రంగు పట్టించాం. కణం రెండుగా చీలినప్పుడల్లా రంగు సగం అవుతుంది, కాబట్టి ఎన్నిసార్లు విభజించిందో తర్వాత లెక్కపెట్టొచ్చు.

మొదటి రెండు నెలలు ఏ తేడా రాలేదు. ఈసారి నన్ను నేను అనుమానించడం కాక, అడెనోసిన్ ఎక్కడికి పోతోందా అని చూశాను. కణాల తిండిలో వేసే సీరంలో అడెనోసిన్ డీఅమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అడెనోసిన్ తయారవగానే దాన్ని వేరే పదార్థంగా మార్చేస్తుంది. సీరం లేని మీడియంకి మారాం.

నాలుగు రోజుల తర్వాత ఫ్లో సైటోమీటర్ స్క్రీన్ మీద ఒక్కో శాంపిల్ గీత పడుతుంటే కుర్చీ అంచున కూర్చుని చూశాను. ఒక్కో విభజనకి ఒక్కో శిఖరం. ఒంటరిగా ఉన్న టీ కణాలు: నాలుగైదు శిఖరాలు, వరసగా విభజించుకుంటూ వెళ్లాయి. పైన మామూలు క్యాన్సర్ కణాలుండి ఏఎంపీ పోసినవి: ఒకటి రెండు శిఖరాలు, మిగతా గుంపంతా మొదట ఉన్నచోటే ఆగిపోయింది. పైన సీడీ73 తీసేసిన కణాలున్నవి: మళ్లీ నాలుగైదు శిఖరాలు. మామూలు కణాలే కానీ ఏపీసీపీ వేసినవి: నాలుగైదు. ఏ2ఏ రిసెప్టర్‌ని మూసేసినవి: అవీ కోలుకున్నాయి. ఏఎంపీ పోయకపోతే రెండు రకాల కణాలకీ తేడానే లేదు. క్యాన్సర్ కణం ఒక్కటి కూడా టీ కణాన్ని తాకలేదు, మధ్యలో జల్లెడ ఉంది. అయినా నిద్రపుచ్చింది. అక్క నా వెనకే నిలబడి ఉంది. భుజం మీద చెయ్యి వేసి, "ఇంకో ఇద్దరు డోనర్లతో చెయ్యి" అంది. చేశాను, అలాగే వచ్చింది.

అయితే డిష్‌లో నిజమైంది మనిషిలో ఎంతవరకు నిజం అన్నది వేరే సంగతి. ఆ తేడా నాకు ఒక గాజు స్లైడ్ నేర్పింది. పాథాలజీ వాళ్లు పేర్లు తీసేసి ఇచ్చిన కణితి నమూనాల్లో సీడీ73 ఉన్న చోట గోధుమరంగు పట్టేలా రంగు వేశాం. ఒక నమూనాలో ప్రతి క్యాన్సర్ కణం చుట్టూ, సన్నటి కలంతో గీసినట్టు, గోధుమరంగు గీత. లోపల నీలం కేంద్రకం, చుట్టూ ఆ గీత. చాలా అందంగా ఉంది, అందంగా ఉందనుకున్నందుకు మనసు నొచ్చుకుంది కూడా. ఇంకో నమూనాలో క్యాన్సర్ కణాలు ఖాళీగా ఉన్నాయి, కానీ వాటి మధ్య దారాల్లా సాగిన, కణజాలానికి పట్టునిచ్చే ఫైబ్రోబ్లాస్టు కణాలు, రక్తనాళాల గోడలు గోధుమరంగులో ఉన్నాయి. అంటే కణితికి అడెనోసిన్ తయారుచేసి పెట్టేది క్యాన్సర్ కణమే కానక్కర్లేదు, ఇరుగుపొరుగు కూడా చేసిపెట్టగలదు. నేను క్రిస్పర్‌తో క్యాన్సర్ కణాల నుంచి ఎంజైమ్ తీసేస్తే సరిపోతుందనుకున్నాను. ఈ రెండో రకం కణితిలో దానివల్ల పెద్దగా ఉపయోగం ఉండదు. మందు రూపంలో, ఎవరి మీదున్నా సరే, ఆ ఎంజైమ్‌ని పట్టుకోవాలి.

అలాంటి మందులు మనుషుల మీద పరీక్షల్లో ఉన్నాయి. ఎంజైమ్ బయటే ఉండటం ఇక్కడ కలిసొచ్చే విషయం. కణంలోకి దూరలేని పెద్ద యాంటీబాడీ కూడా దాన్ని అందుకోగలదు. సీడీ73ని పట్టుకునే ఒలెక్లుమాబ్ అనే యాంటీబాడీని, ఆపరేషన్‌కి వీలుకాని మూడో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్లలో డుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీతో కలిపి ఇచ్చి చూసిన కోస్ట్ ట్రయల్ ఫలితాలు 2022లో వచ్చాయి. ఏడాది గడిచేసరికి జబ్బు ముదరకుండా ఉన్నవాళ్లు డుర్వాలుమాబ్ ఒక్కటే ఇచ్చిన వాళ్లలో సుమారు 34 శాతం, రెండూ కలిపి ఇచ్చిన వాళ్లలో సుమారు 63 శాతం. కానీ అది రెండు వందల మంది కూడా లేని రెండో దశ ట్రయల్. ఇంత చిన్న ట్రయల్లో అంకె బాగుందని పేషెంట్ల ఇళ్లలో ఆశ పెంచడం నాకు ఇష్టం లేదు. ఆ ఇళ్లలో ఆశ ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఒకసారి పెరిగి కూలితే ఏమవుతుందో కూడా తెలుసు. మా మావయ్య ఫోన్ చేసి "ఏమన్నా మందు వచ్చిందా?" అని అడిగినప్పుడు, "ఇంకా లేదు మావయ్యా, ఎక్కడ వెతకాలో మాత్రం ఇంతకుముందు కంటే బాగా తెలిసింది" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరేలే, జాగ్రత్తగా చెయ్యి" అన్నారు.

ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్ ఉన్న కణితుల్లో సీడీ73 తరచుగా ఎక్కువ ఉంటుందని ఇతర బృందాలు చూపించాయి. అత్త కణితిలో ఎంత ఉందో ఎవరూ చూడలేదు, అప్పట్లో అది అడగాల్సిన ప్రశ్న అని కూడా మాకు తెలియదు. అందుకే గత నెల నుంచి పీసీ9 అనే కణాలతో మొదలుపెట్టాను. వీటిలో ఈజీఎఫ్ఆర్ జన్యువులో 19వ ఎక్సాన్ అనే భాగంలో చిన్న ముక్క లేదు, అత్త రిపోర్టులో రాసి ఉన్న మ్యుటేషన్ కూడా ఆ ఎక్సాన్‌లోదే. ఈసారి జల్లెడకి పైన క్యాన్సర్ కణాలు ఒక్కటే కాదు, ఫైబ్రోబ్లాస్టులు కూడా ఉంటాయి. కింద టీ కణాలు. నిన్న సాయంత్రం ప్లేట్ వేసి, మూత మీద తేదీ రాసి, ఇంక్యుబేటర్‌లో పెట్టాను. శుక్రవారం తీయాలి.